వెచ్చని బ్యాటరీ

"దొరికింది ఉయాంగా, దొరికింది!" అని తుల్గా ఫోన్‌లో అరిచేసరికి నా చేతిలోని పాలసీసా జారిపోబోయింది.

"ఏం దొరికింది? మెల్లగా చెప్పు."

"బ్యాటరీ! మన కారుకు అచ్చంగా సరిపోయేది. జపాన్ సరుకు. లక్షా ఇరవై వేల తుగ్రిక్కులు. ఎంతన్నాను?"

"లక్షా ఇరవై వేలు."

"మళ్లీ అను."

"లక్షా ఇరవై వేలు!" అని నేనూ అరిచాను. పాల కర్మాగారం పరీక్షశాలలో అందరూ తలలెత్తి నన్ను చూశారు, మళ్లీ దించుకున్నారు. పెళ్లయి ఇరవై రెండు రోజులే. ఇంకో నెల దాకా నేనేం చేసినా చెల్లుతుంది.

మా కారుకు ఇరవై ఏళ్లు. స్టీరింగ్ కుడివైపు. ఓడలో వచ్చి, రైలెక్కి, నలుగురి చేతులు మారి మా చేతికొచ్చింది. మా ఊళ్లో సగం మందికి ఇవే కార్లు. ఎంత చలిలోనైనా లేస్తాయని పేరు. అయితే వీటికి రెండు బ్యాటరీలు. బండిని లాగేది పెద్దది. వెనక మూలలో గొర్రెపిల్లంత ఉండే పన్నెండు వోల్టులది చిన్నది, దాని పని పెద్దదాన్ని నిద్ర లేపడమే. పెద్దది ఏనుగైతే చిన్నది మావటి. మావటి లేవకపోతే ఏనుగు ఎంత బలిసి ఏం లాభం? మా మావటి పెళ్లయిన రెండో రోజునే కన్నుమూశాడు. కొత్తది ఐదు లక్షల పైమాట. పెళ్లికి అప్పటికే ఇద్దరి జేబులూ ఖాళీ అయిపోయాయి.

నవ్వుకుంటూ చెబుతున్నాను గానీ, అది నవ్వే సంగతి కాదు. తుల్గా పశువుల డాక్టరు. శనివారం పొద్దున్న కనుమ అవతలి జిల్లాకు బయల్దేరాలి, ఒంటరిగా. నాలుగు గంటల దారిలో రెండు గంటలసేపు ఫోన్ పలకదు. పైగా మూడో తొమ్మిది నడుస్తోంది. మా లెక్కలో చలికాలం తొమ్మిదేసి రోజుల తొమ్మిది తొమ్మిదులు. మూడో తొమ్మిదిలో మూడేళ్ల ఎద్దు కొమ్ము పగులుతుందంటారు. ఆ చలిలో ఆ దారిలో కారు ఆగిందంటే మనిషిని వెతకడానికి వెళ్లేవాళ్లు పారలు పట్టుకుని వెళ్తారు. అందుకే ఆ బుధవారం నాకు దొరికింది బ్యాటరీ కాదు, నా మొగుడి ప్రాణం అనిపించింది. మధ్యాహ్నం సెలవు పెట్టి సంతకు పరుగెత్తాను.

కారు సామాన్ల సంతంతా ఇనప డబ్బాల వరసలు. మూడు వారాలుగా ఆ వరసల్లో మేం వినని వేళాకోళం లేదు. "కొత్త పెళ్లికొడుకా, కారమ్మి గుర్రాన్ని కొనుక్కోరాదూ? దానికి బ్యాటరీ అక్కర్లేదు, చల్లారితే తినొచ్చు" అన్నాడొకడు. ఇంకొకడు లారీ బ్యాటరీ చూపించి తాడుతో కట్టుకోమన్నాడు.

వరసల చివర డబ్బా కూడా లేని ఒక ముసలాయన మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పేరు పురెవ్. ముతక దీల్ అంగీ, నడుముకు నారింజ పట్టీ. ఆయన కాళ్ల ముందు గొర్రెతోలు మీద ఒకే ఒక్క బ్యాటరీ ఉంది. తుల్గా అప్పటికే మీటరు పెట్టి చూసి మొహం వెలిగించుకుని ఉన్నాడు.

"చూడు తల్లీ, నీ మొగుడు పిల్లను చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు దీన్ని," అన్నాడు ముసలాయన. "నిన్నిలా చూశాడా ఎప్పుడైనా?"

"నన్ను మీటరు పెట్టి చూడలేదు పెద్దయ్యా."

ఆయన పళ్లు లేని నోటితో నవ్వాడు. నేను ఊరుకోవచ్చు కదా. "ఎవరి కారుది ఇది?" అన్నాను.

"మా తమ్ముడిది."

"కొత్త కారు కొన్నాడా?"

"వాడికిక కారు అక్కర్లేదమ్మా." ఆయన నన్ను కాక దారిని చూస్తూ చెప్పాడు. నేనింకేదో అడగబోతే తుల్గా నా మోచెయ్యి నొక్కాడు.

డబ్బు లెక్కపెట్టుకున్నాక ముసలాయన బ్యాటరీని అంగీ చేతి అంచుతో ఒకసారి నిమిరాడు. తీగ తగిలించే ఒక కొమ్ము మీదున్న ఎర్ర రబ్బరు మూతను ఊడదీసి రొమ్ము దగ్గర అంగీలోకి తోసుకున్నాడు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. గుర్రాన్ని అమ్మినప్పుడల్లా తోకలోంచి మూడు వెంట్రుకలు పీకి దాచుకునేవాడు. పశువు పోతే పోనీ, దాంతో వచ్చిన కలిమి ఇంట్లో ఉండాలి.

"బ్యాటరీకి కూడానా పెద్దయ్యా?" అన్నాను.

"అమ్మేది ఏదైతేనేం? తమ్ముడి కోసం కొన్నప్పుడు నాకమ్మినవాడూ ఊరికే ఇవ్వలేదు. పక్కనున్న చిల్లులోంచి వంకర రబ్బరు ముక్క ఒకటి పీక్కున్నాడు. పనికిమాలిన ముక్క. పనికొచ్చేది తీసుకుంటే మోసం, పనికిరానిది తీసుకుంటే ఆచారం."

అదెంత చక్కటి మాటో అనుకుని మనసులో రాసుకున్నాను కూడా.

దారిలో తుల్గా గొంతు తగ్గించి, "చనిపోయినవాడి సామాను కాదు కదా?" అన్నాడు.

"అడిగామా? అడగలేదు. అడక్కపోతే తెలియదు. తెలియకపోతే దోషం లేదు."

"నీ చదువంతా ఇందుకే పనికొస్తోందే?"

మేముండేది కొండవాలు పేటలో, మా అత్తగారి పెరట్లో వేసిన కొత్త గెర్‌లో. గుండ్రటి ఆ ఇంటిని కట్టగా మిగిలిన ఉన్ని ఉంది, గొర్రె ఉన్ని తడిపి అదిమి చేసిన మందపాటి రకం. మా అత్తగారు ఖోర్లో ఆ సాయంత్రమే దాంతో బ్యాటరీకి తొడుగు కుట్టేసింది. చలిలో పుట్టిన గొర్రెపిల్లకు కుట్టినట్టే, మెడ దాకా, సందు లేకుండా.

"మనవడికి కుడదామనుకుంటే ముందు దీనికి కుట్టాల్సి వచ్చింది," అంది దారం కొరుకుతూ.

"మనవడికి ఇంకా టైముంది అత్తమ్మా."

"టైమా? మీ నవ్వులకు రాత్రి నా కుక్క కూడా నిద్రపోవడం లేదు. టైమంట!"

నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బ్యాటరీని ఎత్తుకుని బయటికి పరుగెత్తాను. తుల్గా వెనక సీటు మీంచి పాకి మూలలో దాన్ని అమర్చాడు. అక్కడ నేలలోంచి పైకి వచ్చిన సన్నటి గొట్టం ఒకటి, ఎక్కడా తగిలించుకోవడానికి లేక ఊగుతోంది.

"ఇదెందుకు?"

"నీళ్లు పోవడానికేమో," అని దాన్ని మూలకు నెట్టి పైన ఉన్ని కప్పాడు.

మీట నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది. నేను స్టీరింగును ముద్దుపెట్టుకున్నాను. అది చలికి పెదవికి అంటుకుని కొంచెం తోలు ఊడింది. ఐనా నవ్వాను. మా పెళ్లికి అత్తగారిచ్చిన వెండి గిన్నెలో పాలు తెచ్చి నాలుగు చక్రాల మీదా చిలకరించి, కొత్త బ్యాటరీ మీద కూడా ఒక చుక్క వేశాను. శనివారం కనుమ దగ్గర కూడా పాలు చిలకరించాలని గిన్నెను తుడిచి బ్యాటరీ పక్కనే ఉంచాను.

గురువారం తుల్గా నన్ను ఉద్యోగానికి దింపాడు. బస్సు కోసం కాళ్లు గడ్డకట్టించుకునే వాళ్లను అద్దంలోంచి చూస్తూ మహారాణిలా వెళ్లాను. దారంతా కార్లు కదలక, ఆరు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. దిగేసరికి కణతలు పోటెత్తుతున్నాయి. ఊరి మీద పొయ్యిల బొగ్గుపొగ గంజి కట్టినట్టు ఉంది. చలికాలమంతా మా ఊరి గాలికి కుళ్లిన గుడ్డు వాసనే. మా ఊళ్లో తలనొప్పి లేనివాడిని చూస్తే పల్లెటూరి నుంచి నిన్ననే వచ్చాడంటాం.

సాయంత్రం ఇంటికొచ్చాక సామాను తీయడానికి వెనక్కి వంగి, ఉన్ని తొడుగు లోపలికి చెయ్యి పెట్టాను.

"తుల్గా! ఇటు రా, చెయ్యి పెట్టు."

బయట సున్నాకు ముప్పై ఒక్క డిగ్రీల కింద. తొడుగులో మాత్రం పిట్టగూడులా వెచ్చగా ఉంది. ఇద్దరం చేతి తొడుగులు తీసేసి నాలుగు చేతులూ అందులో పెట్టుకుని, ఒకరి వేళ్లు ఒకరం వెతుక్కుంటూ ఎంతసేపు నవ్వుకున్నామో. "మా అమ్మ ఉన్ని మహిమ," అన్నాడు తుల్గా. ఇప్పుడు ఆ వెచ్చదనం తలుచుకుంటే నా అరచేతులు చల్లబడతాయి.

శుక్రవారం పొద్దున్న చక్రాల మీద పాలు చిలకరించడానికి గిన్నె తీస్తే అంచంతా నల్లబడి ఉంది.

పెళ్లి గిన్నె, పెట్టింది అత్తగారు, నెల కూడా కాలేదు. ఆమె చూడకుండా పళ్లపొడితో తోమడం మొదలుపెట్టాను. గుడ్డ నల్లగా అయ్యింది. ఖోర్లో అత్తమ్మ పొయ్యిలో బొగ్గు వేస్తూ వెనక్కి తిరక్కుండానే అంది:

"ఆ గుడ్డ ఇటు చూపించు."

చూపించాను.

"ఎక్కడ పెట్టావు దాన్ని?"

"కార్లోనే అత్తమ్మా. పొగకేమో."

"ఇదే పొగలో నా దగ్గర ముప్పై ఏళ్లుంది. గోధుమరంగు తిరిగేది, ఇలా కాలేదు." గిన్నెను వెలుతురుకు పట్టి చూసింది. "పూర్వం పెద్దవాళ్లు వెండిలో తప్ప తాగేవాళ్లు కాదు. ఎందుకో తెలుసా? వెండి అబద్ధం చెప్పదు. మనిషికి కీడు వస్తుంటే ముందు అది మొహం మాడ్చుకుంటుంది."

"అత్తమ్మా, నేను కెమిస్ట్రీ చదివాను."

"చదివితే సరే. మరి ఎందుకు నల్లబడిందో చెప్పు."

నిజానికి చెప్పగలను. పుస్తకంలో సమాధానం కళ్ల ముందే ఉంది: గంధకం. కానీ గంధకం ఊరంతా ఉంది కదా, బొగ్గులో ఉంది కదా అనుకుని ఊరుకున్నాను. తోమిన గిన్నెను మళ్లీ కార్లోనే పెట్టాను.

ఆ రోజంతా తుల్గా టీకామందుల కోసం ఊరంతా తిరిగాడు. మూడింటికి నా కోసం వచ్చేటప్పటికి కళ్లు జేగురు రంగులో ఉన్నాయి.

"నిద్ర ముంచుకొస్తోందే. కూడలిలో ఎర్రదీపం దగ్గర ఒక్క క్షణం రెప్ప వాలింది. వెనకవాడు హారన్ కొట్టి తిట్టాడు. కొత్త పెళ్లికొడుకంటే తిట్టడం మానేశాడు."

నవ్వాను.

రేపటి ప్రయాణానికి ముందు ఒకసారి పరీక్ష చూద్దామని కనుమ మొదటి మెట్టు దాకా వెళ్లాం, నలభై కిలోమీటర్లు. ఊరు దాటగానే పొగ కిందికి దిగిపోయింది. మంచు మీద ఎండ కత్తిలా మెరుస్తోంది. తుల్గా రెండుసార్లు ఆవలించాడు. మూడోసారి ఆవలించినప్పుడు కారు దారి అంచుకు జరిగింది. "తుల్గా!" అన్నాను. "ఉన్నాను, ఉన్నాను," అన్నాడు, కానీ ఆ మాట ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది.

నీలి గుడ్డలు కట్టిన రాళ్లగుట్ట దగ్గర ఆపి దిగాం. ఆ గాలి! దానికి వాసన లేదు. మంచుకుండే పలచటి ఇనప వాసన తప్ప ఏమీ లేదు. గుట్ట చుట్టూ మూడుసార్లు తిరిగి, తలా ఒక రాయి వేశాం. నా తలనొప్పి ఐదు నిమిషాల్లో ముళ్లకంప లాగేసినట్టు పోయింది. పాల కోసం వెనక తలుపు తీశాను.

గుడ్డు వాసన. కుళ్లిన గుడ్డు.

చుట్టుపక్కల నలభై కిలోమీటర్లలో బొగ్గు పొయ్యి లేదు. రోజుకు రెండు వందల సీసాలు వాసన చూసి విరిగిన పాలను పట్టుకునే ముక్కు నాది. ఊళ్లో పొగ దాన్ని గుడ్డిదాన్ని చేసింది. గిన్నె తీశాను. పొద్దున్న అద్దంలా తోమిన గిన్నె, లోపలా బయటా కొలిమిలోంచి తీసినట్టు నల్లగా ఉంది.

"తుల్గా, ఇటు తల పెట్టకు. తలుపులన్నీ తెరువు."

తొడుగు విప్పాను. బ్యాటరీ ఇప్పుడు వెచ్చగా లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. దాని పొట్ట ఒకవైపు ఉబ్బింది. ఆ పక్కన చిటికెన వేలు పట్టేంత చిల్లు ఖాళీగా ఉంది. కింద మూలలో, మేం నీళ్లగొట్టం అనుకున్న గొట్టం, తనకు తగలాల్సిన ముక్క కోసం నోరు తెరుచుకుని ఉంది. లోపల పుట్టే విషపు ఆవిరిని బయటికి పంపే దారి అది. ముక్క లేదు. ఆ అమ్మినవాడు ఆచారం కోసం తీసుకున్న పనికిమాలిన ముక్క.

తుల్గా చలికి మొద్దుబారిన వేళ్లతో పురెవ్‌కు ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా ఒక గీత సిగ్నల్ ఉంది. గొంతు పైకి వినపడేలా పెట్టాడు.

"పెద్దయ్యా, మొన్న బ్యాటరీ కొన్నవాణ్ని."

"ఆ, మీటరు అల్లుడా! ఏంటి, మొరాయించిందా?"

"లేదు. పక్క చిల్లులో పెట్టే ముక్క ఉందా మీ దగ్గర?"

"ఎర్ర మూతా? ఉంది గానీ ఇవ్వను నాయనా. ఇస్తే నా కలిమి నీ వెంట వచ్చేస్తుంది."

"అది కాదు, వంకర రబ్బరుది."

"అది నాకమ్మినవాడు పట్టుకుపోయాడని చెప్పాగా. దాంతో ఏం పని? మా తమ్ముడు అది లేకుండానే ఏడు వారాలు నడిపాడు."

నేను ఫోన్ లాక్కున్నాను. "పెద్దయ్యా, మీ తమ్ముడికి తలనొప్పి వచ్చేదా?"

అవతల మడత కుర్చీ కిర్రుమంది.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు. "పొగకే అనేవాడు. ఊళ్లో ఎవరికి లేదు? నిద్ర సరిపోవడం లేదన్నాడు, కొన్నాళ్లు మా ఇంటికొచ్చి పడుకోరా అన్నాను. పట్టపగలమ్మా, ఎండలో. దారి పక్కన కారు ఆగి ఉంది. ఇంజిను తిరుగుతూనే ఉందట. లోపల వెచ్చగా ఉందట. దారిన పోయేవాళ్లు నిద్రపోతున్నాడనుకున్నారు. గుండె ఆగిందన్నారు. బ్యాటరీది ఏ తప్పూ లేదమ్మా. చివరిదాకా పనిచేసింది."

ఆ మనిషికి ఫోన్‌లో, సంత మధ్యలో, ఏమని చెప్పను?

"నచ్చకపోతే తెచ్చెయ్యండి," అన్నాడాయనే. "డబ్బు వెనక్కిస్తాను. ఇంకొకాయన అడుగుతున్నాడు దానికోసం. పెళ్లాం పిల్లలతో ఊరెళ్లాలట, చవకది కావాలట."

గీత పోయింది. ఫోన్ ఆగింది.

తిరిగి వచ్చిన నలభై కిలోమీటర్లూ నాలుగు అద్దాలూ దించే వచ్చాం. సున్నాకు ఇరవై తొమ్మిది కింద. విప్పిన ఉన్ని తొడుగును తుల్గా మోకాళ్ల మీద కప్పాను, నా శాలువా అతని చెవులకు చుట్టాను. నిద్రపోకుండా ఉండటానికి అతను మా పెళ్లికొచ్చిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చెప్పాడు, నేను ఎవరేం తెచ్చారో చెప్పాను. కనురెప్పల మీద మంచు పేరుకుంది. రేపు ఈ దారిలో అతను ఒక్కడే, అద్దాలు మూసుకుని, నాలుగు గంటలు వెళ్లేవాడు. ఎదురుగా ఊరి మీద పొగ నల్లటి మూతలా కనిపించింది. జీవితంలో మొదటిసారి దాన్ని చూసి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

బ్యాటరీని ఊడదీసి పెరటి చివర మంచులో పెట్టాం. అత్తమ్మ కుక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి దూరంగా పోయి కూర్చుంది. లోపల అత్తమ్మ ఉప్పు టీ పోసి, మా మొహాలు చూసి గిన్నె కోసం చెయ్యి చాచింది. అంతా చెప్పాం. ఆమె ఆ నల్లటి గిన్నెను ఒడిలో పెట్టుకుని విన్నది.

"జిల్లాకు ఫోన్ చేశాను," అన్నాడు తుల్గా. "సోమవారం మందుల లారీలో వస్తానన్నాను. తిట్టారు. తిట్టనీ."

"రేపు బ్యాటరీ ఇచ్చేసి డబ్బు తెచ్చుకుందామా?" అన్నాను. అడుగుతూనే నాకు జవాబు తెలుసు.

"ఇస్తే ఆయన ఏం చేస్తాడు?"

పెళ్లాం పిల్లలతో ఊరెళ్లే ఆ ఇంకొకాయనకు అమ్ముతాడు. లక్షా ఇరవై వేలకు. ఎంత సంతోషంగా కొంటాడో నాకు తెలుసు. ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి, ఎంతన్నానో మళ్లీ అనమంటాడు.

"డబ్బు అడగం," అన్నాడు తుల్గా టీ గిన్నె కింద పెట్టి. "రేపు ఎనిమిదింటికి, సంత తెరవకముందే బస్సులో వెళ్దాం. బ్యాటరీ నేను మోస్తాను. ఆయన ముందు పెట్టి ఆ చిల్లు చూపిద్దాం. తమ్ముడి సంగతి మాత్రం నువ్వే చెప్పాలి ఉయాంగా. నావల్ల కాదు."

నేను లేచి గుడ్డ, పళ్లపొడి తీసుకున్నాను. చేతులకు ఏదో ఒక పని కావాలనిపించింది.

"తోమకు," అంది అత్తమ్మ, గిన్నె వదలకుండా. "రేపు నలుపుతోనే పట్టుకెళ్లండి. ముసలాడు నీ మాట నమ్మకపోయినా వెండి మాట నమ్ముతాడు."